జేబులో ఉండిపోయిన పూస

దయ్యాలను నేను నమ్మను. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ని. భూమి గుండ్రంగా ఉందని మాస్టారు చెబితేనే నాకు నమ్మకం కుదరలేదు, ఇక దయ్యాల సంగతి చెప్పాలా. బర్మాలో, యాంగోన్ నగరంలో, మింగళ తౌంగ్‌న్యున్ అనే పేటలో, ఇన్వర్టర్లు, రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసుకుని బతుకుతున్నాను. చెడిపోయిన ప్రతిదానికీ ఏదో ఒక కారణం దొరికేది. బాగుపడినదానికి కారణం వెతకాల్సి రావడం మాత్రం ఒక్కసారే జరిగింది.

సైన్యం రోడ్లమీద, జబ్బు ఇళ్ళలోపల ఉన్న ఏడాది అది. సైన్యానికి ఎదురుతిరిగిన ఊరేగింపుల మీద కాల్పులు జరిగాక జనం తలుపులు వేసుకున్నారు. తర్వాత కరోనా దగ్గు వచ్చి ఆ తలుపులకి గడియ కూడా పెట్టించింది. మా వీధిలోనే ఒక మేడమీద మూడో అంతస్తులో ఉండే దేవదానం మావయ్య ఆ దగ్గుతోనే పోయాడు. ఎంత తిరిగినా ఆయనకి ఆక్సిజన్ దొరకలేదు. ఆయన పోయిన నాలుగో రోజున చర్చివాళ్ళు గాలిలోంచి ఆక్సిజన్ తీసే మెషిన్ ఒకటి సంపాదించి తెచ్చారు. అప్పటికి ఆయన భార్య రూతమ్మత్తకి ఊపిరాడటం లేదు.

రెండో రోజే మెషిన్ మొరాయించింది. లోపలి ఫ్యాన్ నీరసంగా తిరుగుతోంది. అరగంటకల్లా మెషిన్ వేడెక్కి, కీచుమని అరిచి ఆగిపోతోంది. అత్త కూతురు ఎస్తేరు బాల్కనీలోంచి నన్ను కేకేసింది, కానీ పైకి రావొద్దంది. ఇక్కడ ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది, కింది చివర ఒక క్లిప్పు, పైన లాగితే మోగే చిరుగంట. పేపరు, తాళంచెవి, కూరా అన్నీ దానిమీదే ఎక్కుతాయి, దిగుతాయి. ఆ రోజు సంచీలో ఫ్యానూ, దాన్ని నడిపే చిన్న బోర్డూ దిగాయి.

"అప్పుతెచ్చిన సిలిండర్ గంటే వస్తాది బావా," అంది పైనుంచి.

"గంటలో పెళ్ళే సేసీవొచ్చు, ఫ్యానెంత," అన్నాను. ఎస్తేరు నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

ఆ బోర్డుమీద పెసరగింజంత నల్లపూస ఒకటి ఉంటుంది. థర్మిస్టర్ అంటాం. దానికి వేడి తగిలితే ఫ్యాన్ వేగం పెరుగుతుంది. అది లేకపోతే, లోకమంతా చల్లగా ఉందనుకుని బోర్డు ఫ్యాన్‌ని జోకొడుతుంది. మేం పరీక్షించే పద్ధతి సులువు: పూసని రెండువేళ్ళ మధ్య నొక్కిపట్టుకోవడమే. ఒంటివేడి చాలు, ఫ్యాన్ అందుకుంటుంది.

నొక్కాను. అందుకోలేదు. పూస ఊడదీసి మీటరు పెట్టాను, బాగానే ఉంది. ఎక్కడైనా పడిపోతుందని చొక్కాజేబులో వేసుకున్నాను. తప్పు ఫ్యాన్‌కి కరెంటు అందించే ట్రాన్సిస్టర్‌ది. షాపులన్నీ మూతపడ్డాయి, అందుకని పాత కంప్యూటర్‌లోంచి ఒకటి పీకి అతికించాను. అంతలో వీధి చివర లారీ ఆగింది, బూట్ల చప్పుడు. నొక్కి చూసే వ్యవధి లేదు. సంచీ క్లిప్పుకి తగిలించి, తాడు లాగి, ఇంట్లోకి దూరాను.

ఎలా బిగించాలో ఫోన్లో చెప్పాను. కాసేపటికి ఎస్తేరు మళ్ళీ చేసింది. "బాగా తిరగతంది బావా. అమ్మ వేలికెట్టిన మీటరు తొంబైరెండు సూపిత్తంది."

మర్నాడు మధ్యాహ్నం చొక్కా ఉతుకుదామని జేబులో చెయ్యి పెట్టాను. పూస తగిలింది.

పూస లేని బోర్డుతో మెషిన్ అరగంట నడవదు. ఇది నిన్నటినుంచీ నడుస్తోంది. రెండు మాస్కులు కట్టుకుని మూడంతస్తులు ఎక్కాను. మెషిన్ గుమ్మం పక్కనే ఉంది, పొడవాటి గొట్టం లోపలి గదిలోకి వెళ్ళింది. ఫ్యాన్ పూర్తి వేగంతో హోరుమంటోంది.

"ఏటి బావా, పిలవకుండా ఒచ్చీసినావు?"

"నా పనితనం సూసుకుందారని," అన్నాను. నిజం చెప్పే ధైర్యం లేకపోయింది.

సిలిండర్ అయిపోయింది కాబట్టి మెషిన్ ఆపడానికి లేదు. నడుస్తుండగానే మూత విప్పాను. పూస ఉండాల్సిన చోట రెండు ఖాళీ బెజ్జాలు. మధ్య టంకం చుక్క లేదు, వైరుపోగు లేదు, తడి లేదు. టార్చి వేసి మూడుసార్లు చూశాను. నేను అతికించిన ట్రాన్సిస్టర్ షార్టయి ఫ్యాన్‌ని అలా తిప్పుతోందేమో అని కొలిచాను. కాలేదు.

పూసని ఆ బెజ్జాల దగ్గరికి తెచ్చాను. నా వేళ్ళకి ఏదో వెచ్చగా తగిలింది. మెషిన్ వేడి కాదు, అది పొడిగా కొడుతుంది. ఇది మెత్తని ఒంటివేడి, జ్వరం చూద్దామని ఎవరి నుదుటిమీదో చెయ్యి వేస్తే తగిలేలాంటిది. నా వేళ్ళు ఆనగానే అది, ఎవరివో వేళ్ళలా, పక్కకి జరిగింది.

ఫ్యాన్ నీరసించింది.

లోపల అత్త దగ్గింది. నడిచే బోర్డుమీద టంకం జారితే మెషినే పోతుంది. ఎటూ తోచక, మెషిన్ కీచుమనడం మొదలుపెట్టేదాకా పూస అక్కడే పట్టుకుని ఉండిపోయాను. తర్వాత చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నాలుగు లెక్కపెట్టేలోగా ఫ్యాన్ మళ్ళీ అందుకుంది.

మూత బిగించేశాను.

"ఏటైంది? అలగున్నావేటి?" అంది ఎస్తేరు.

"మాస్కు బిగుసుకుంది," అన్నాను.

తర్వాతి తొమ్మిది రోజులూ నాకు నిద్ర లేదు. రోజూ పొద్దున్నే వీధిలోంచి తాడు లాగేవాణ్ని, ఎస్తేరు బాల్కనీలోకొచ్చి తల ఊపేది. అక్కడ ఎవరో ఉన్నారన్నది కాదు నా భయం. ఆ చెయ్యి అలిసిపోతే?

పదోరోజున అత్త గొట్టం తీసేసి, గోడ పట్టుకుని వంటగదిదాకా నడిచింది. మెషిన్ వేరేవాళ్ళకి కావాలని చర్చివాళ్ళు వచ్చారు. ఇచ్చేముందు ఒకసారి వేసి చూశాను. ఫ్యాన్ నీరసంగా తిరిగింది. ఎదురుగా కూర్చున్నాను. అరగంటకి మెషిన్ అరిచి ఆగిపోయింది. పూస అతికించి, నొక్కి చూసి, పంపించేశాను.

తెలిసిన ఇంజనీరు ఒకాయన్ని అడిగితే గాలిలో తేమ అన్నాడు. ఇంకొకాయన నేనెంతవరకు చదివానని అడిగాడు.

అత్తకి ఇంతవరకు చెప్పలేదు. చెబితే ఆమె ఒకే పేరు చెబుతుంది. అప్పుడు ఆ మధ్యాహ్నం నేను పక్కకి నెట్టింది ఎవరి చెయ్యో తేలిపోతుంది. అది వినే ధైర్యం నాకింకా రాలేదు.