మరిది కొత్త యాంప్లిఫయర్

మా మరిది ఏ పాట విన్నా కళ్లు మూసుకునేవాడు. ఆ భక్తి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మావారు పోయాక, ఆయన గిటారుకు వాడిన, బల్బుల్లా వెలిగే గాజు వాల్వులున్న పాత యాంప్లిఫయర్‌ను బాగుచేస్తానని పట్టుకెళ్లి, పలకని పెట్టెను తిరిగిచ్చాడు. "పాతది కదా వదినా, సచ్చిపోనాది లా," అన్నాడు, మలేసియా అలవాటుగా చివర 'లా' తగిలించి.

ఆ ఉగాదికి మా ఊరు సుంగై పెటాని హాల్లో, ప్రత్యేకంగా చేయించుకున్న కొత్త యాంప్లిఫయర్ పెట్టి గిటారు వాయించాడు. "ఇను వదినా! అన్నయ్య పెట్టికన్నా ఏటి సౌండు!" అంటూ కళ్లు మూసుకున్నాడు.

నేను వెనక నుంచి తొంగిచూశాను. లోపల వెలుగుతున్నవి, మావారు ఆయుధపూజకు బొట్లు పెట్టిన వాల్వులే.

ప్లగ్గు లాగేసి, చెయ్యి కాలకుండా కొంగు చుట్టి ఒక్కో వాల్వూ పీకాను.

"ఏటి సేస్తన్నావు వదినా!" అని అరిచాడు.

"మీ అన్నవి మీ అన్న పెట్టిలోకే ఎల్తాయి," అన్నాను. "ఇప్పుడు వాయించు. నీ కొత్తదాని గొంతేటో అందరూ ఇంటారు."