అమ్మ రివాల్వర్ నింపే పద్ధతి

మొన్న మా అబ్బాయికి బేస్‌బాల్ గ్లవ్ కొందామని ఆటసామాన్ల దుకాణానికి వెళ్తే, వెనక వరసలో ఎవరో తుపాకులు శుభ్రం చేసే నూనె సీసా మూత తీసి చూస్తున్నారు. కిరసనాయిలులో మగ్గిన అరటిపండు కలిపినట్టుండే ఆ వాసనకి కాసేపు అక్కడే నిలబడిపోయాను. నా చిన్నప్పటి శనివారాలన్నిటికీ అదే వాసన.

అప్పుడు మేము కాపెల్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న ప్రాజెక్టు ఎప్పుడూ వేరే రాష్ట్రంలోనే. సోమవారం విమానమెక్కితే శుక్రవారం సాయంత్రం నిద్రమొహంతో తిరిగొచ్చి, శనివారమంతా పడుకునేవాడు. ఆయన్ని నిద్రపోనివ్వాలని అమ్మ నన్ను తీసుకుని ఎక్కడికో ఒకచోటికి బయల్దేరేది. పక్కింటి కేరల్ ఆంటీ, స్కూలు బస్సు నడిపి రిటైరైన పొడుగాటి మనిషి, ఒకసారి మమ్మల్ని ఊరిబయట తను తుపాకీ గురి సాధన చేసే షూటింగ్ రేంజికి తీసుకెళ్ళింది. ఊరికే చూసొద్దామని వెళ్ళిన అమ్మ కొన్నాళ్ళకి తనే ఒక రివాల్వర్ కొనుక్కుంది. "నీకెందుకే ఇవన్నీ" అన్నాడు నాన్న. అడ్డు చెప్పలేదు, చూడ్డానికీ రాలేదు.

వేసవిలో ఆ రేంజిలో మట్టి పెనంలా కాలేది, వసంతంలో కంచె పొడుగునా నీలంపూలు విరిసేవి, చలికాలం పొద్దున్నే ఆడవాళ్ళంతా ఫ్లాస్కుల్లోంచి కాఫీ పోసుకుని చేతులు వెచ్చబెట్టుకుంటుంటే పిల్లలం మమ్మల్ని దూరంగా ఉంచడానికి కట్టిన తాడు ఇవతల కూర్చుని, మాకిచ్చిన, పేలిన తూటాల ఖాళీ ఇత్తడి తొడుగుల్ని పెదవి కింద ఆనించి ఈలలు ఊదుకునేవాళ్ళం.

గురి అందరికీ కుదురుతుంది, తిరిగి నింపడంలోనే ఉంది అంతా, అనేది కేరల్ ఆంటీ. అమ్మకి పట్టుబడింది అదే. ఆరు తూటాలూ పేలగానే, అవి పట్టే గుండ్రటి సిలిండర్‌ని పక్కకి తెరిచి, రివాల్వర్‌ని ఎడమచేతిలోకి మార్చుకుని, గొట్టం మూతి ఆకాశం వైపు ఎత్తి, సిలిండర్ ముందుండే కడ్డీని లోపలికి ఒక్క పోటు పొడిచేది; ఖాళీ తొడుగులు జలజలా రాలేవి. వెంటనే మూతి నేలకి దించి, నడుం దగ్గర్నుంచి లోడర్ అందుకునేది. ఆరు తూటాల్ని గుండ్రంగా పట్టి ఉంచే చిన్న బిళ్ళ అది. తూటాలు కన్నాల్లోకి దిగగానే దాని పిడి తిప్పి వదిలేసేది. బిళ్ళ ఎటు పడిందో చూడకూడదు. సిలిండర్‌ని సినిమాల్లోలా విదిలించకుండా అరచేత్తో నెమ్మదిగా మూయాలి. ఇంట్లో మంచం మీద దుప్పటి పరుచుకుని, మందులేని ఉత్తుత్తి తూటాలతో అమ్మ ఇదంతా మళ్ళీమళ్ళీ చేసేది. తొందరపడుతున్నట్టే ఉండేది కాదు. దీపావళికి చేగోడీలు చుట్టేటప్పుడూ అంతే. మాట్లాడుతూనే ఉండేది, పళ్ళెం నిండిపోయేది.

ఒక దీపావళికి పళ్ళెం నిండలేదు. పిండి చల్లారిపోతున్నా అమ్మ వేళ్ళు ఒత్తుకుంటూ కూర్చుంది.

"హర్ట్ అవుతుందా అమ్మా?"

"లేదు చిన్నీ. కొంచెం స్టిఫ్‌గా ఉంది, అంతే."

ఆ తర్వాత పొద్దున్నే వేడినీళ్ళలో చేతులు ముంచుకుని కూర్చోవడం, నా జడ సగంలో ఆపి ఊపిరి తీసుకోవడం మొదలయ్యాయి. కీళ్ళవాతమన్నాడు డాక్టరు, మందులిచ్చాడు. అమ్మ నాన్నతో ఫోన్లో "టెస్ట్స్ అన్నీ నార్మలే" అని చెప్పడం విన్నాను. చెప్పాలో వద్దో తెలియక నేను నోరు మూసుకున్నాను.

వసంతంలో జరిగిన ఆడవాళ్ళ పోటీకి అమ్మ పేరిచ్చింది. కేరల్ ఆంటీ వద్దని మెల్లగా చెప్పి చూసింది. మొదటి ఆరూ బాగానే తగిలాయి. సిలిండర్ తెరిచి కడ్డీ పొడిచింది; ఖాళీలు సగమే బయటికొచ్చాయి. మళ్ళీ పొడిచింది. లోడర్ అందుకుంది గానీ పిడి తిరగలేదు. రెండోసారి తిప్పబోతే అది చేతిలోంచి జారి కంకర్లో పడింది, తూటాలు చెదిరిపోయాయి.

తాడు దాటి ఎవరూ వెళ్ళకూడదు. చెవులకి పెద్ద మఫ్‌లు పెట్టుకుని ఉన్నాం, పిలిచినా వినపడదు. నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. పోటీకి టైం చూస్తూ గడియారం పట్టుకున్న ఆయన ఆపలేదు, ఆపడానికి వీల్లేదు. అమ్మ వంగి ఒక్కో తూటానే ఏరడానికి ప్రయత్నించింది. చివరికి లేచి, తెరిచిన సిలిండర్ ఆయనకి చూపించి, ఇక నావల్ల కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

కారెక్కాక అమ్మ ఇంజన్ స్టార్ట్ చేయలేదు. నీళ్ళసీసా నా చేతికిచ్చి, "ఇది ఓపెన్ చేసిపెట్టవే" అంది. తీసిచ్చాను. తాగింది. ఆ సాయంత్రం నాన్నకి తనే అంతా చెప్పింది. ఆయన చాలాసేపు అమ్మ చేతుల్ని తన చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన చేయగలిగింది కూడా అంతే. రివాల్వర్ కేరల్ ఆంటీ కొనుక్కుంది.

ఇప్పుడు ఆ రేంజ్ లేదు, ఆ నేల మీద ఒకే రంగు ఇళ్ళు వరసగా లేచాయి. కేరల్ ఆంటీ పోయింది. కొత్త మందులతో అమ్మకి నొప్పి తగ్గింది గానీ ఒంగిన వేళ్ళు మళ్ళీ సాగలేదు. ఆ వేగాన్ని వీడియో తీయాలని మాలో ఎవరికీ తోచలేదు. మొన్న మా అబ్బాయి బొమ్మగీస్తూ, అమ్మమ్మ చేతులకి కొక్కేల్లాంటి వేళ్ళు పెట్టాడు. ఇవి ఇలా ఉండేవి కావురా అన్నాను. వాడు బొమ్మనీ, పక్కన కూర్చున్న మా అమ్మనీ మార్చిమార్చి చూసి, "కరెక్ట్‌గానే వేశాను కదా" అన్నాడు.

"కరెక్టే నాన్నా" అంది అమ్మ.