తూకమెక్కితేనే విమానం

నాగమల్లేశ్వరి విమానాన్ని నేలకు దించితే లోపలివాళ్ళ చేతిలో కాఫీ తొణకదు. ఈ మాట అన్నది ఆమెకు నేర్పే ఆద్యే. కానీ కమర్షియల్ లైసెన్స్ పరీక్షకు పంపుతూ లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాల్సిన ఆద్య, ఆ ఒక్క సంతకం మాత్రం పెట్టడం లేదు. పరీక్ష సోమవారం. ఇది తప్పిపోతే ఎగ్జామినర్ మళ్ళీ దొరికేది చలికాలంలోనే.

డాలస్‌కి ఉత్తరాన, డెంటన్ దాటాక, పచ్చికబయళ్ళ మధ్య ఉంటుంది ఆ చిన్న ఎయిర్‌ఫీల్డ్. నాగమల్లేశ్వరిని అందరూ మల్లి అంటారు, ఊరు ఖమ్మం. తల్లి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆద్య ఇర్వింగ్‌లో పుట్టి పెరిగిన పిల్ల, మల్లికంటే వయసులో చిన్నది. అయినా మల్లికి ఆమె ‘మేడమ్’. అలా పిలవొద్దని ఆద్య ఎన్నిసార్లు చెప్పినా మల్లి జవాబు ఒకటే: “సరే మేడమ్.”

చిక్కంతా గురువారం వచ్చింది. ఇద్దరూ గాల్లో ఉండగా ఎదురుగా పెద్ద మబ్బు కనిపించింది.

“స్ట్రెయిట్‌గా పోదాం, దాని లోపలి నుంచే,” అంది ఆద్య.

ఆ రోజు మబ్బుల్లోకి వెళ్ళడానికి వాళ్ళకు అనుమతి లేదు. ఆ సంగతి మల్లికి బాగా తెలుసు. “సరే మేడమ్,” అంది. ఆద్య చప్పున కంట్రోల్స్ తీసుకుని విమానాన్ని పక్కకు తిప్పేసింది.

కిందికి దిగాక అడిగింది. “అది టెస్ట్, మల్లీ. వెళ్ళకూడదు అని నీకు తెలుసా?”

“తెలుసు మేడమ్.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“మీరు చెప్పారు కదా అని...”

“కొండకి గుద్దేద్దాం అంటే కూడా ఓకే అంటావా?”

మల్లి ఒక్క క్షణం ఆలోచించింది. ఆ ఆలోచించడం చూసి ఆద్య తల పట్టుకుంది. “ఫ్లయింగ్ సూపర్. కానీ నువ్వు కెప్టెన్ కాదు ఇంకా. నువ్వు ఎవరికైనా నో చెప్పేది నేను చూడాలి. అప్పుడే సైన్ చేస్తా.”

మన ఆడపిల్లలకు మనం పుట్టినప్పటి నుంచీ నేర్పేది సర్దుకోవడమే. బెంచీ మీద సర్దుకో, హాస్టల్ గదిలో సర్దుకో, రేపు అత్తింట్లో సర్దుకో. ‘ఇక్కడ చోటు లేదు’ అనడం ఒక్కరూ నేర్పరు. మల్లి ఆ చదువులో ఎప్పుడూ ఫస్టే. తీరా విమానంలో కెప్టెన్ కూర్చునే ఎడమవైపు సీట్లో కూర్చున్నాక ఆ మార్కులే ఆమె మెడకు చుట్టుకున్నాయి.

శనివారం ఆమె తాను అద్దెకుండే ఇంటివాళ్ళను గాల్లోకి తీసుకెళ్ళాలి. ప్రైవేట్ లైసెన్స్ ముందే వచ్చింది కాబట్టి డబ్బు పుచ్చుకోకుండా మనుషులను ఎక్కించుకోవచ్చు. కాపెల్‌లో పద్మనాభం, ఛాయాదేవి దంపతుల ఇంట్లో మేడమీది గది ఆమెది. పద్మనాభం సాఫ్ట్‌వేర్ మనిషి. ‘మా ఇంట్లో పైలట్ ఉంది’ అని గుళ్ళోనూ, ఇండియన్ గ్రోసరీ క్యూలోనూ చెప్పుకుని మురిసిపోతాడు. గదిలో చేరిన రోజు ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చివరికి “మీరేవిట్లు?” అని కులం దాకా వచ్చాడు. అమెరికాలో ఇరవై ఏళ్ళున్నా ఆ ప్రశ్న మనవాళ్ళ నాలుక దిగదు. “పిల్ల విమానం నడపడానికి వచ్చిందండీ, మీ తమ్ముడికి సంబంధంగా కాదు,” అని ఛాయాదేవి అడ్డుపడబట్టి అది అక్కడితో ఆగింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి ఆవిడ తమ్ముడు వెంకటస్వామి కూడా వచ్చి ఉన్నాడు. ముగ్గురూ మల్లి విమానంలో ఒక సరస్సు దాకా వెళ్ళి, ఒడ్డున భోంచేసి రావాలని ప్లాన్.

చిన్న విమానాల్లో ముందు తేల్చాల్సింది బరువు. ఎవరెంత ఉన్నారో అడగాలి, సామాను తూచాలి, కలిపి చూడాలి. శుక్రవారం భోజనాల దగ్గర మల్లి అడిగింది కూడా. పద్మనాభం పెళ్ళినాటి బరువు గర్వంగా చెప్పాడు. వెంకటస్వామి పర్సులోంచి కాలిఫోర్నియా డ్రైవింగ్ లైసెన్స్ తీసి, దానిమీద అచ్చయిన అంకె చదివాడు. దేశానికి వచ్చిన కొత్తలో ఇచ్చిన అంకె అది. ఛాయాదేవిని అడగడానికి మల్లికి నోరు రాలేదు. పెద్దావిడను బరువెంతని ఎలా అడుగుతాం? తల్లి బరువు గుర్తు చేసుకుని ఆ అంకె వేసుకుంది.

శనివారం ఎయిర్‌ఫీల్డ్‌లో వాళ్ళు కారు డిక్కీ తెరిచారు. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, మంచులో పెట్టిన మజ్జిగతో కూలర్, పైగా మడత కుర్చీలు.

“అంకుల్, ఇవన్నీ ఎందుకు?”

“పిక్నిక్ అమ్మాయ్! అక్కడ బర్గర్లు తిని చావమంటావా?” అన్నాడు పద్మనాభం.

సామాను వెనక్కి చేరుతోంది. వెంకటస్వామి వెనక సీట్లో కూలబడగానే విమానం తోక చిన్నగా దిగింది. టెక్సాస్ ఆగస్టు ఎండ నెత్తి మాడుస్తోంది. అంత వేడిలో గాలి పలచబడుతుంది, విమానం బరువు మోయలేదు. అవతల హ్యాంగర్ నీడలో ఆద్య కాఫీ తాగుతూ చూస్తోంది.

మల్లి నాలుక చివరిదాకా ‘సరే’ వచ్చింది. తోక వైపు మరోసారి చూసింది.

“అందరూ దిగండి,” అంది. “హ్యాంగర్‌లో కాటా ఉంది. అందరం తూగుదాం. ముందు నేనే.”

“కాటానా? నలుగురి ముందా? నేనెక్కను తల్లీ,” అంది ఛాయాదేవి. “వీళ్ళకు నెల రోజులు జోకులకి సరిపోతాను.”

“మగవాళ్ళు అటు తిరగండి,” అంది మల్లి. ఇద్దరూ తిరిగారు. ఛాయాదేవి కళ్ళు మూసుకుని ఎక్కింది, దిగింది. మల్లి వేసుకున్న అంకెకు కాస్త అటూఇటూగానే ఉంది. తరవాత మగవాళ్ళు ఎక్కారు. వెంకటస్వామి ముల్లును చూసి, కిందికి దిగి, మళ్ళీ ఎక్కాడు.

“ఇది పాడైంది,” అన్నాడు.

“పాడైంది నీ లైసెన్సురా స్వామీ!” ఛాయాదేవి పగలబడి నవ్వింది. “మొగుడూ తమ్ముడూ ఇద్దరూ దొంగ లెక్కలే! ఇంతకాలం లావన్న మాట నేను పడ్డాను.”

మల్లి కలిపి చూసింది. చాలా ఎక్కువ.

“పోనీలే, నేను ఆగిపోతాను, మగవాళ్ళు వెళ్ళి రండి,” అంది ఛాయాదేవి నవ్వు ఆపుకుంటూ. అలవాటైన మాట. ఏ కారులో చోటు చాలకపోయినా ఆవిడ అనేది అదే.

“మీరు ఆగినా చాలదు ఆంటీ,” అంది మల్లి. “సామానంతా దింపెయ్యాలి. అంకుళ్ళలో ఒకరు దిగిపోవాలి.”

“పెట్రోల్ తగ్గిస్తే?” అన్నాడు వెంకటస్వామి.

“తిరిగి రాలేం అంకుల్.”

పద్మనాభం నవ్వేశాడు. “ఏంటమ్మాయ్ నీ చాదస్తం! ఖమ్మంలో ఆటోలో పదిమందిని ఎక్కించరూ? కాస్త సర్దుకుంటే అయిపోతుంది. పద పద.”

“ఆటో మొరాయిస్తే నేలమీద ఆగిపోతుంది అంకుల్.”

ఆయన మొహంలో నవ్వు పోయింది. “మా ఇంట్లో ఉంటూ నన్నే దిగమంటున్నావా?”

ఛాయాదేవి “ఏవండీ!” అంది. గది గుర్తొచ్చింది మల్లికి, సోమవారం గుర్తొచ్చింది. అయినా వెనక్కి తగ్గలేదు.

“ఇంట్లో చెప్పులు బయట విప్పమన్నారు, విప్పాను. పదింటికి టీవీ కట్టెయ్యమన్నారు, కట్టేశాను. ఇక్కడ మాత్రం నేను చెప్పినట్టు జరగాలి. మీరు దిగితే ఎగురుతాం. లేదంటే అందరం ఇక్కడే భోంచేద్దాం. నాకు ఏదైనా ఫర్వాలేదు.”

పద్మనాభం బావమరిది వైపు చూశాడు. అంతదూరం నుంచి వచ్చిన చుట్టాన్ని దింపి తాను ఎక్కడం ఏ లెక్కన చూసినా కుదరదు. గొణుక్కుంటూ కూలర్ పట్టుకుని హ్యాంగర్ వైపు నడిచాడు.

ఛాయాదేవి ముందు సీట్లో కూర్చుంది. చక్రాలు నేల వదిలినప్పుడు “అమ్మో” అంది, సరస్సు కనిపించినప్పుడు “అబ్బ” అంది. మధ్యలో ఒకసారి, “మీ అంకుల్‌ని నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎవరూ దిగమనలేదమ్మా,” అని గట్టిగా నవ్వింది. వెనక వెంకటస్వామి కళ్ళు తెరిచి కిందికి చూసింది తిరుగు ప్రయాణంలోనే.

వాళ్ళు దిగి హ్యాంగర్‌లోకి వచ్చేసరికి మడత కుర్చీల్లో పద్మనాభం, ఆద్య ఎదురెదురుగా కూర్చుని పులిహోర తింటున్నారు. ఆయన కోపం సగం చల్లారినట్టే ఉంది.

“ఇప్పుడు నా వంతు కదా?” అని లేచాడు.

మల్లి రన్‌వే పక్కన గాలి ఎటు వీస్తోందో చూపే గాలిగుడ్డ వైపు చూసింది. రన్‌వేకి అడ్డంగా వీచే గాలి పెరిగింది.

“ఇవాళ కాదు అంకుల్. రేపు పొద్దున్నే, చల్లబడ్డాక.”

ఆయన ఆద్యకు చెప్పుకోబోయాడు. “చూడమ్మా, నువ్వైనా...”

“నన్ను చూడొద్దు అంకుల్. కెప్టెన్ తను.” ఆద్య చెయ్యి తుడుచుకుని మల్లి వైపు చాపింది. “లాగ్‌బుక్ ఇవ్వు.”

సంతకం పెట్టి వెనక్కి ఇచ్చింది. మల్లి రెండుసార్లు చదువుకుంది. అంతలోనే ఆగి, పుస్తకం మళ్ళీ ఆద్య ముందు పెట్టింది.

“డేట్ తప్పు వేశారు మేడమ్,” అంది. “మార్చండి.”