అటక మీది గుండిగ

సెల్‌ఫోన్లు పలాస దాకా వచ్చి, మా ఉద్దానం ఊళ్ళలోకి రావడానికి నాలాగే మొహమాటపడుతున్న రోజులవి. ఆ రోజుల్లో నాకు లోకంలోని సంగతులన్నీ పుస్తకాల్లోంచే తెలిసేవి, మా వీధి సంగతులు మాత్రం ఒక్కటీ తెలిసేవి కావు. ఇంటికి ఎవరైనా వస్తే పెరట్లోకి, పెరట్లోకి ఎవరైనా వస్తే జీడితోటలోకి జారుకునేదాన్ని. చెట్టు కింద కూర్చుని డైరీలో ‘ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు’ అని తృప్తిగా రాసుకునేదాన్ని. అలాంటి నేను ఒకే వారంలో మూడు ఊళ్ళవాళ్ళతో మాట్లాడవలసి వచ్చింది. కారణం ఒక గుండిగ.

పలాసలో పుస్తకాల ప్రదర్శన పెట్టారు. అందులో మూడు సంపుటాల నవల ఒకటి చూసి వచ్చాను. చూసిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు. ప్రదర్శన ఆదివారంతో ఆఖరు. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తూ వెళ్తూ, "అటక మీద పనికిరానివి ఏటున్నాయో సూసి అమ్మీయ్. నీ బుక్కులు నువ్వే కొనుక్కో" అంది. (అమ్మ లెక్కలో పనికిరానివంటే కాలు విరిగిన కుర్చీ, చిల్లుల బకెట్టు. ఆ మాట పైకి చెప్పలేదు.) అడగడానికి నానమ్మ కూడా లేదు. హరిశ్చంద్రపురంలో మేనత్త ఇంటికి వెళ్ళింది.

అటకెక్కాను. కుర్చీ ఉంది, బకెట్టు ఉంది, వాటి వెనక మసి పట్టి, నేను ముడుచుకుని కూర్చుంటే పట్టేంత ఇత్తడి గుండిగ ఉంది. నలుగురం తినే ఇంట్లో వందమందికి అన్నం వండే గుండిగ ఎందుకు? దాన్ని మా ఇంట్లో వాడగా ఎప్పుడూ చూడలేదు. ఇంతకన్నా పనికిరానిది ఇంకేముంటుంది? పూండి నుంచి సైకిల్ మీద వచ్చే పాతసామాన్ల మావని ఆపాను. గుండిగని చూసి ఆయన నావైపు ఒకలా చూశాడు. "మీ వోలు అమ్మమన్నారేటి?" అన్నాడు. "ఆ" అన్నాను. ఇంకో మాట మాట్లాడకుండా తప్పించుకోవడానికి బేరం కూడా ఆడలేదు. సాయంత్రం డబ్బు చూసి అమ్మ, "పాత కుర్సీకి ఇంతిచ్చినాడా? పిచ్చోడేటి" అంది. పనికిరాని గుండిగకి కూడా అది ఎక్కువే అనిపించి నవ్వి ఊరుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే, అమ్మ పనికి వెళ్ళిపోయాక, ఎదురింటి అత్త వచ్చింది. పెరట్లోకి జారుకునేలోపే పట్టుకుంది. "ఓలె గుంటా, గుండిగ దించి ఉంచు. ఆదివారం మా వోడి పెళ్ళి బోజనాలు కదా."

"ఏ గుండిగ?"

"ఏ గుండిగేటే. వీధి గుండిగ. మీ సిన్నాన్న పెళ్ళి కాడ్నుంచీ మీ ఇంటిలోనే కదా ఉంది."

అప్పుడు తెలిసింది. మా వీధిలో ఇరవై ఇళ్ళకీ అదొక్కటే గుండిగ. ఆఖరి భోజనాలు ఎవరింట్లో జరిగితే, మళ్ళీ ఇంకొకరింట్లో జరిగేదాకా అది వాళ్ళ అటక మీదే ఉంటుంది. చిన్నాన్న పెళ్ళినాడు నేను టెక్కలి హాస్టల్లో ఉండి పరీక్ష రాస్తున్నాను. మిగతా పెళ్ళిళ్ళలో అన్నం ఎందులో ఉడుకుతోందో చూడకుండా, గోడవారగా కూర్చుని పుస్తకం చదువుకున్నాను. చదువు వల్ల కలిగే నష్టం నాకు అంత స్పష్టంగా ఇంకెప్పుడూ కనిపించలేదు.

అత్తకి నిజం చెబుదామని నోరు తెరిచాను. "తోమి ఇస్తాను" అనే మాట బయటికొచ్చింది.

డబ్బు పట్టుకుని పూండి పరిగెత్తాను. మావ తాపీగా బీడీ కాలుస్తూ, "నిన్ననే కోటబొమ్మాలి పాత్రల కొట్టుకి ఎల్లిపోనాది. బేగి ఎల్లు" అన్నాడు. రైలెక్కి కోటబొమ్మాళిలో దిగి, ఆ కొట్టు ముందు అటూ ఇటూ నాలుగుసార్లు నడిచి, అయిదోసారి లోపలికి వెళ్ళాను. లోపల వరసగా నాలుగు గుండిగలు. అన్నీ తోమేసి తళతళలాడుతున్నాయి.

"మీది ఏదమ్మా?" అన్నాడు కొట్టాయన.

నాకు తెలిస్తే కదా. సంచిలోంచి డైరీ తీసి, అమ్మిన రోజు ఏం రాశానో చూశాను. ‘నల్లగా, బరువుగా, ఏదో దిగులుతో ఉన్నట్టున్న పాత్ర’ అని ఉంది. నాలుగింటినీ మళ్ళీ చూశాను. ఒక్కటీ దిగులుగా లేదు. చివరికి మూడోది చూపించి, "ఇదే" అన్నాను. (ఎందుకు మూడోదో ఇప్పటికీ తెలీదు.) టికెట్టు డబ్బులు తప్ప నా దగ్గరున్నదంతా ఆయనకే ఇచ్చేశాను. నవల అక్కడితో అయిపోయింది.

ప్యాసింజర్లో గుండిగకి నాకన్నా మర్యాద దొరికింది. ఒకావిడ కూరల సంచి అందులో పెట్టింది. ఇంకొకావిడ చంటిదాన్ని కూర్చోబెట్టింది. పూండిలో దించుతుంటే చెయ్యి జారి ప్లాట్‌ఫారం మీద ఠంగుమంది, మూతి కింద సొట్ట పడింది. తలెత్తితే, పక్క పెట్టెలోంచి దిగుతూ నానమ్మ. పెళ్ళి భోజనాలకని తిరిగి వస్తోంది.

"ఇదేటే, ఎవలి గుండిగ?"

"మనదే" అన్నాను. ఏడుపు ఆగలేదు. మొత్తం చెప్పేశాను.

నానమ్మ గుండిగ చుట్టూ ఒకసారి తిరిగింది. బోర్లించి అడుగు చూసింది. "మనదానికి అడుగున సిల్లుకి ఏసిన మాటు ఉంటాది. దీనికి నేదు" అంది. దాన్ని మళ్ళీ నిలబెట్టి, "కళ్ళు తుడుసుకో. ఎవులికీ సెప్పకు" అని చీరచెంగు చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని, దానిమీదికి గుండిగ ఎత్తమంది.

ఆదివారం పొయ్యి దగ్గర వంటల తాత గుండిగని తట్టి తట్టి చూశాడు. వీధంతా అక్కడే ఉంది. నేను మొదటిసారి పుస్తకం లేకుండా పెళ్ళిలో నిలబడ్డాను.

"మాటేదీ, వదినా?"

"కొత్త మాటు ఏయించినాం. కనబడకుండా ఏత్తన్నారు ఇప్పుడు" అంది నానమ్మ.

"మరి ఈ సొట్టేటి?"

"మాటేసినోడు ఏసినాడు."

తాత చాలాసేపు ఆలోచించాడు. ఏమీ అర్థం కాని మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, మూడు రోజులుగా నా మొహమే అలా ఉంది. తర్వాత ఎసరు పోశాడు. అన్నం అడుగంటలేదు. మాటు బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం నానమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ మాటున్నదీ అసలుది కాదే. అసలుదాన్ని మీ తాత అమ్మీసినాడు. మీ మేనత్తకి జొరమొచ్చినపుడు మందులకి. తరవాత ఎక్కడిదో తెచ్చి ఎట్టీసినాడు. అప్పుడూ ఎవులూ కనిపెట్టనేదు" అని, నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడు మా వీధిలో భోజనాలంటే టెక్కలి నుంచి కేటరింగువాళ్ళే వస్తున్నారు. ఆ గుండిగలో ఆఖరిసారి అన్నం ఉడికింది నానమ్మ పన్నెండోరోజున. కాబట్టి పద్ధతి ప్రకారం అది ఇంకా మా అటక మీదే ఉంది. అడగడానికి ఎవరూ రారు. ఆ నవల తర్వాతెప్పుడో కొన్నాను, చదివాను, కథ సగం మర్చిపోయాను. మొన్న పాతసామాన్ల కేక వినబడగానే లేచి వీధి తలుపు వేసి వచ్చాను. తర్వాత ఆ పాత డైరీ వెతికి, ‘దిగులుతో ఉన్నట్టున్న పాత్ర’ అని రాసిన ఆ అమ్మాయిని కాసేపు చూసి, ఆమెకి పనికొస్తుందని కింద రెండు వాక్యాలు చేర్చాను: ‘మాటు లేదు. మూతి కింద సొట్ట ఉంటుంది.’