ఎడమ చెవి వాల్వు

అర్జునరావు చేసిన పాటల డబ్బా వంకరగా పాడుతుందని ద్వారకా నగర్‌లో ఇంకా నవ్వుకుంటున్నారట. నవ్వండి. ఆ నవ్వేవాళ్లలో ఒక్కరైనా మరబోటు ఇంజన్ పక్కన ఒక పూట కూర్చుని వచ్చి నవ్వితే, నేనే ఎదురెళ్లి మెడలో దండ వేస్తాను. అంతదాకా నా మాట వినాల్సిందే. నేను బడి మధ్యలో మానేసినవాణ్ణే. బడి నాకు చాలక మానేశాను. మా ఫిషింగ్ హార్బర్‌లో కథ చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. నేను చెప్పిన కోనెం చేప కథ విని ఒక స్రాంగు, అంటే బోటు నడిపే పెద్ద, ఆ చేపను వెతుక్కుంటూ పారాదీప్ దాకా వెళ్లి ఉత్త వలతో తిరిగొచ్చాడు. కానీ ఇది అలాంటి కథ కాదు. ఇందులో సాగదీయడానికి తోక లేదు.

అర్జునరావు నాకు బావ వరస. వయసంతా బోటు మీద ఇంజన్ డ్రైవరుగా గడిపాడు. మేమెక్కిన బోట్లలో ఇంజన్ గది అంటే గది కాదు, గొయ్యి. డ్రైవరు కూర్చునే చెక్క ఒకే పక్కన ఉంటుంది. పైనుంచి స్రాంగు వేసే కేక వినపడాలి కాబట్టి కుడి చెవి గోతి పైమూత వైపు పెట్టాలి. ఆ కేక వినపడకపోతే బోటు వెళ్లి రాతిగట్టును ముద్దు పెట్టుకుంటుంది. మరి ఎడమ చెవి? అది ఇంజన్‌కు. ఎవరూ నేర్పరు. కూర్చోగానే తల దానంతట అదే తిరుగుతుంది. ఒడ్డున టీ తాగేటప్పుడు కూడా మా డ్రైవర్లు కుడి భుజం ముందుకు పెట్టి మాట్లాడతారు. చూసినవాళ్లు పొగరనుకుంటారు.

మోకాళ్లు ఇక ఆ గోతిలోకి దిగమని మొరాయించాక అర్జునరావు ఒడ్డుకొచ్చాడు. ఐస్ ఫ్యాక్టరీ పక్కన రేకుల షెడ్డులో బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తూ కూర్చున్నాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఇప్పుడొచ్చే సెట్లకు సీలు వేసేసి ఉంటుంది. పాడైతే ఎవరూ విప్పరు, పారేసి కొత్తది బిగిస్తారు. బావ సోల్డరింగ్ ఇనుము వేడెక్కని రోజులు ఎక్కువయ్యాయి. భార్య గంగాలమ్మ వేలంలో చేపలు పాడుకుని అమ్ముతుంది కాబట్టి ఇంట్లో పొయ్యికి లోటు లేదు గానీ, చేతిలో పనిలేని మగాడు ఇంట్లో ఎంత పెద్ద గొడవో ఆవిడను అడగండి.

అలాంటి రోజుల్లోనే, ఓడ తుక్కు అమ్మే కొట్లో అతనికి ఒక పెట్టెడు వాల్వులు దొరికాయి. మీరు ట్యూబులంటారు. గాజు బుడ్డి, లోపల సన్నటి తీగలు, కరెంటు ఇస్తే సంధ్య దీపంలా ఎర్రగా వెలుగుతాయి. పాతకాలం ఓడల్లో వైర్‌లెస్ వాటితోనే పలికేది. బావ వాటితో హెడ్‌ఫోన్‌కు ఆంప్లిఫయర్ కట్టాడు. సెల్లులోంచి వచ్చే పాటను డబ్బా పెంచుతుంది, హెడ్‌ఫోన్ చెవులకు చేరుస్తుంది. ఎడమ చెవికి ఒక వాల్వు, కుడి చెవికి ఒక వాల్వు.

కట్టడం తేలిక. అసలు పని ఆ తర్వాతే. వాల్వు మారిస్తే పాట మారుతుంది. నమ్మరా? నేను కూడా నమ్మలేదు, విన్నాక నోరు మూసుకున్నాను. ఒక వాల్వు పెడితే వయొలిన్‌కు నూనె రాసినట్టుంటుంది. ఇంకొకటి పెడితే అదే వయొలిన్ ఇసుకలో పొర్లి వచ్చినట్టుంటుంది. స్విచ్చి ఆపాలి, గాజు చల్లారేదాకా ఆగాలి, కాళ్లు వంగకుండా నిటారుగా లాగాలి, ఇంకోటి దింపాలి, మళ్లీ అదే పాట అదే చరణం. ఆ చరణం ఎన్నిసార్లు మోగిందంటే, ఐస్ ఫ్యాక్టరీ ముందు కొంగలు కూడా పల్లవి ఎత్తుకోవడం మొదలుపెట్టాయి.

"పాట ఎక్కడ నిలబడాలో తెలుసునేటి బావా?" అనేవాడు అర్జునరావు. "ఎడంకీ కాదు, కుడికీ కాదు. నుదుటి మీద బొట్టెట్టుకుంటారే, అక్కడ నిలబడాలి. అక్కడ నిలబడ్డాదంటే డబ్బా కుదిరినట్టు."

ఒక రోజు కుదిరింది. బాగా బలంగా ఉన్న వాల్వు ఎడమ పక్క, కాస్త అలిసిపోయినది కుడి పక్క. నేను విన్నాను. గాయని నా నుదుటి మధ్య నిలబడి పాడింది. చరణానికీ చరణానికీ మధ్య ఆవిడ గుటక వేయడం వినపడింది, తబలా వాయించేవాడి ఉంగరం ఏ వేలికుందో చెప్పగలిగాను. హార్బర్‌లోని డ్రైవర్లందరూ వరసకట్టి విన్నారు. అందరిదీ ఒకే మాట, నుదుటి మధ్యనే ఉందని. నేను కూడా కొన్నాళ్లు ఆ గోతిలో పని చేసినవాణ్ణే కదా, చెవి తయారైన మనిషిని.

గంగాలమ్మ మాత్రం తట్ట దించి, తడి చేతులు చీరకు తుడుచుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. పెట్టుకోగానే ముఖం చిట్లించింది.

"ఏటి మావా, పాట ఎడంపక్కకి ఒరిగిపోనాది?"

"నీకేటి తెలుసే? నోర్ముయ్."

"తెలీపోతే తెలీపోనాదిలే. గాని ఒరిగిపోనాది. కుడిపక్క ఎవులో సుట్టాలు అలిగెల్లిపోనట్టుంది."

నేను బావ పక్షమే వహించాను. "అప్పా, వేలంలో అరిసి అరిసి నీ సెవే పోయుంటాది" అన్నాను. ఆవిడ నా మీదకు తట్ట విసిరింది. తప్పించుకున్నాను, నాకది కొత్త కాదు.

ఆ ఆదివారం ఎప్పటిలాగే గంగాలమ్మ దగ్గర వంజరం కొనడానికి శ్రీరామ్మూర్తి వచ్చాడు. ద్వారకా నగర్‌లో హెడ్‌ఫోన్ల షాపు అతనిది. వాళ్ల నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి గోదావరి నుంచి వచ్చిన మనిషి, మాటలో ఆ తీపి ఇంకా పోలేదు. రేకుల షెడ్డులో ఎర్రగా వెలుగుతున్న గాజుబుడ్లు చూసి ఆగిపోయాడు. ఒక చేతిలో చేపల సంచి ఉంది కాబట్టి రెండో చేత్తో హెడ్‌ఫోన్ ఒక పక్కే ఎత్తి చెవికి ఆనించుకున్నాడు. అది ఎడమ పక్క.

"ఆయ్! ఏం పలుకుతోందండి బాబూ! ఎవరి దగ్గర నేర్చుకున్నారండి?"

"ఇంజన్ కాడ" అన్నాడు బావ.

శ్రీరామ్మూర్తి అక్కడే మాట ఇచ్చాడు. తన షాపులో ఒక మూల బల్ల వేయిస్తాడు, బావ అక్కడ కూర్చుని ఇలాంటి డబ్బాలు కట్టాలి, వచ్చినవాళ్లకు వాల్వులు మార్చి వినిపించాలి. ఒక్కటే షరతు: వచ్చే ఆదివారం తన షాపుకొచ్చే రసికులు విని బాగుందనాలి. ఆ వారమంతా బావ నోట్లో బల్ల తప్ప మాట లేదు. చేతికి మళ్లీ పని, పనికి మళ్లీ చోటు. మనిషి నడకే మారిపోయింది.

ఆదివారం ముగ్గురం వెళ్లాం. బావ డబ్బా పట్టుకున్నాడు. గంగాలమ్మ మిగతా వాల్వులున్న బిస్కెట్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. నేను ఏమీ పట్టుకోలేదు, ధైర్యం చెప్పడానికి వెళ్లినవాడికి చేతులు ఖాళీగా ఉండాలి.

ఏసీ గది, సోఫాలు, నలుగురైదుగురు పెద్దమనుషులు. మొదటాయన హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఒక కన్ను తెరిచాడు. పక్కాయనకు ఇచ్చాడు. ఆయన విని పెదవి కొరుక్కున్నాడు. మూడో ఆయన ఆపుకోలేకపోయాడు.

"పాడేవిడ ఎడమ పక్క కాంప్లెక్స్‌లో బస్సు దిగిపోయినట్టున్నారండి. మనం కుడి పక్క స్టాపులో ఎదురుచూస్తున్నాం!"

గదంతా నవ్వింది. శ్రీరామ్మూర్తి కంగారుగా తనూ విన్నాడు, ఈసారి రెండు చెవులతో. అతని ముఖం వాడిపోయింది.

"నవ్వుతారేటి?" అన్నాడు అర్జునరావు. గొంతు పెరిగింది. "మా హార్బరంతా ఇన్నాది. ఒక్కడు నవ్వలేదు. మీ సెవులు సూపించుకోండి ముందు!"

నేనూ లేచాను. ఏం అన్నానో ఇక్కడ రాయను, అచ్చుయంత్రం సిగ్గుపడుతుంది.

అప్పుడు మూల కూర్చున్న ధనశ్రీ అనే అమ్మాయి లేచింది. ఒక ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసే పిల్ల. వినడానికి వచ్చినవాళ్లలో నవ్వనిది తనొక్కతే. హెడ్‌ఫోన్ తీసుకుని అటుదిటు తిప్పింది, ఎడమది కుడి పక్కకు, కుడిది ఎడమ పక్కకు.

"అంకుల్, ఒక్కసారి ఇలా పెట్టుకుని వినండి."

బావ పెట్టుకున్నాడు. వింటూ వింటూ ఎడమ పక్కను అరచేత్తో నొక్కుకున్నాడు. తీసి, ఆ పక్కన వేలితో తట్టి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎడంపక్క వైరు ఊడిపోయిందమ్మా" అన్నాడు.

ధనశ్రీ దాన్ని తన చెవికి పెట్టుకుని, "వైరు బానే ఉంది అంకుల్, పాట వస్తోంది" అంది మెల్లగా. "మీరేం పని చేసేవారు?"

నేను లాక్కుని పెట్టుకున్నాను. ఎడమ పక్క చీమ కూడా నడవడం లేదు. నా ఎడమ చెవి కూడా పోయిందంటే మీరు నమ్మరు. మా వాళ్లూ నమ్మలేదు.

బలమైన వాల్వు ఎడమ పక్క ఎందుకు కుదిరిందో అప్పుడు తెలిసింది. ఇంజన్ తినేసిన చెవికి అంత బలం కావాలి. హార్బర్‌లో విన్న ప్రతి డ్రైవరుకీ ఇంజన్ అదే చెవిని తిన్నది, అందుకే అందరికీ పాట నుదుటి మధ్యే నిలబడింది.

"ఇంజన్ దగ్గర చెవులకి ఏం పెట్టుకునేవారు?" అని అడిగింది ధనశ్రీ.

ఏం పెట్టారు మాకు? వేట మొదలయ్యే రోజున ఇంజన్‌కు పసుపు రాశారు, బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. దానికి మంచి ఆయిల్ పోశారు, చిన్న దగ్గు దగ్గితే మెకానిక్‌ను పరుగెత్తించారు. దాని పక్కన కూర్చున్న మనిషికి తల రెండు పక్కలా చెవులున్నాయని ఏ ఓనరుకూ తోచలేదు. చెవిలో పెట్టుకునే ముక్కంత రబ్బరు కూడా ఇవ్వలేదు. ఇంత తిన్నది చాలక, ఇప్పుడు సోఫాలో కూర్చున్నవాళ్ల చేత నవ్వించుకోవడం కూడా మా వంతేనా?

గంగాలమ్మ బిస్కెట్ డబ్బా మూత తీసింది.

"మావా, ఇప్పు. నాను ఇంటాను, నువ్వు మార్సు."

బావ స్విచ్చి ఆపాడు. గాజు చల్లారేదాకా ఆగాడు. ఒక వాల్వు తీశాడు, ఒకటి పెట్టాడు.

"ఇంకా ఎడంకే ఉంది."

మళ్లీ ఆపడం, ఆగడం, మార్చడం.

"ఇప్పుడు కుడికి జారిపోనాది. అది తియ్యి, ఆ నల్ల మచ్చది ఎట్టు... ఆ. ఆగు ఆగు." ఆవిడ నుదుటి మీద వేలు పెట్టుకుంది. "ఇదిగో. బొట్టు కాడ నిలబడ్డాది."

పెద్దమనుషులు మళ్లీ విన్నారు. ఈసారి నవ్వులు లేవు. బస్సు దిగిపోయిందన్న ఆయన అయితే హెడ్‌ఫోన్ ఇమ్మంటే ఇవ్వలేదు. శ్రీరామ్మూర్తి బావ చేతులు పట్టుకున్నాడు.

"బల్ల మీదేనండి! రేపే వేయించేస్తాను."

"రెండు కుర్సీలు ఎయ్యండి" అన్నాడు అర్జునరావు. "దీనికొకటి. సెవి దీనిది, సెయ్యి నాది. వేలం అయిపోయాక వత్తాది."

శ్రీరామ్మూర్తి గొంతు తగ్గించాడు. తగ్గించినా నా కుడి చెవి బంగారం. "అంటే అదీ... ఏసీ గదండి. కస్టమర్లు వస్తారు. చేపల... వాసన అదీ... ఏమీ అనుకోకండేం. మీరొక్కరూ రండి."

ప్రతి ఆదివారం ఆ చేతులతో కోయించుకున్న వంజరమే తింటాడండీ ఈ మనిషి! ఆ వాసన అతని వంటగదిలో పరిమళం, అతని షాపులో కంపు! గంగాలమ్మ తన చేతుల వైపు చూసుకుంది. వచ్చేముందు వాటిని సబ్బుతో, నిమ్మచెక్కతో తోమి తోమి కడుక్కోవడం నేను చూశాను.

అర్జునరావు అరవలేదు. స్విచ్చి ఆపాడు. గాజు చల్లారనివ్వలేదు, లుంగీ అంచు అడ్డం పెట్టి వేడి వేడిగానే రెండు వాల్వులూ లాగి బిస్కెట్ డబ్బాలో వేశాడు.

"ఈ సెవికి సోటు లేని కాడ నా సేతికి పనేటండి" అన్నాడు. "పదే."

బల్ల పోయింది. ఆ బల్ల కోసం బావ ఆ వారం నడిచిన నడక నాకు తెలుసు కాబట్టి, ఎంత పోయిందో కూడా నాకు తెలుసు.

ఇప్పుడు రేకుల షెడ్డులోనే కడుతున్నాడు. ఊరివాళ్లకు కట్టేవి వేలం అయ్యాక గంగాలమ్మ విని వదులుతుంది. ధనశ్రీ వచ్చి, చేపల పెట్టె బోర్లించుకుని కూర్చుని, ఒకటి కట్టించుకుని వెళ్లింది. అది కుదిరిందో లేదో బావకు తెలియదు. విన్న గంగాలమ్మ, ధనశ్రీల ముఖాలు చూసి తెలుసుకోవాలి. డ్రైవర్లకు కట్టేవి మాత్రం తనే విని వదులుతాడు, బలమైన వాల్వు ఎడమ పక్కనే. అవి వంకర అన్నవాడితో నేను మాట్లాడతాను, పంపండి.

మొన్న జెట్టీ దగ్గర ఒక బోటుకు కొత్త ఇంజన్ పూజ. పసుపు, బొట్టు, దండ, అన్నీ మామూలే. ఆ బోటు డ్రైవరు వాసు గోతిలోకి దిగబోతుంటే బావ ఆపి, పాత హెడ్‌ఫోన్ ఒకటి తలకు తగిలించాడు. తీగలన్నీ పీకేసి, లోపల మందంగా స్పాంజి కుక్కాడు. కుడి పక్క డొప్ప కోసేశాడు, స్రాంగు కేక కోసం. ఎడమది గట్టిగా చెవికి బిగించాడు.

వాసు డొప్పను తట్టి చూశాడు. "ఇందులో పాటేదీ మావా? ఏటీ ఇనపడదే?"

"ఇనపడదు" అన్నాడు అర్జునరావు. "దాని పనే అది. దిగు."

ఓనరు పళ్లెం పట్టుకుని నవ్వాడు. బావ ఆ పళ్లెంలోంచి ఒక బంతిపువ్వు తీసి, ఆ డొప్పకు దారంతో కట్టి, ఇంజన్ స్టార్ట్ చేయమన్నాడు.