మా వదిన పెట్టిన పేరు

మా వదినకు నోరు మంచిది కాదు. ఆడపడుచుని కాబట్టి అంటున్నానని అనుకోకండి, ఆమెను అడిగినా అదే చెబుతుంది. "నోటికి తాళం లేకపోయినా చేతికి తడబాటు లేదమ్మాయ్" అని పైగా నవ్వుతుంది. నిజమే, ల్యాబ్‌లో ఆమె చేతికి అంత పేరుండేది.

పెళ్ళయ్యాకే పరిశోధనలో చేరింది. పాపను మా అమ్మకు అప్పగించి, తడిజుట్టు ముడేసుకుంటూ బస్సుకు పరిగెత్తడం నాకిప్పటికీ గుర్తే. డాక్టరేట్ వచ్చింది గానీ స్థిరమైన ఉద్యోగం రాలేదు. ఏటా కాంట్రాక్టు, ఏటా దాని మీద సంతకం కోసం పెద్ద ప్రొఫెసర్ గది ముందు నిలబడటం. అలాంటి మనిషికి ఒక్క పేపర్ కలిసొచ్చింది. పళ్ళను కుళ్ళబెట్టే బూజును ఒక కలుపుమొక్క ఆకు ఆపేస్తుందని అందులో రాసింది. పేరున్న పత్రికలో అచ్చయింది. ఎక్కడెక్కడివాళ్ళో తమ పేపర్లలో దాన్ని ప్రస్తావించారు. ఆ దెబ్బతో వదిన విద్యార్థులందరికీ "పేపరమ్మ" అయిపోయింది.

నేను అదే యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. పేపర్లు పంపే పిల్లలకు పత్రికల వెబ్‌సైట్లతో వచ్చే చిక్కులు విప్పడం నా పని. కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులకు ఏటా మేమిద్దరం కలిసి క్లాసు చెబుతాం. ఏది పంపినా అచ్చేసే దొంగ పత్రికల్ని ఎలా గుర్తుపట్టాలో నేను చెబుతుంటే సగంమంది ఫోన్లు చూసుకుంటారు. వదిన లేస్తే మాత్రం హాలంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుంది. "పేపర్ పంపితే పత్రిక సమీక్షకులు తిట్టారని ఏడవకండర్రా! తిట్టారంటే కనీసం చదివారన్నమాట" అంటుంది.

ఆ ఆకులో పనిచేసే పదార్థమేమిటో తేల్చే పనిని ప్రొఫెసర్ పెద్దాయన ఒక అమ్మాయికి థీసిస్‌గా ఇచ్చి, ఆమెను వదిన చేతికింద పెట్టాడు. ఆ పిల్లది మాట నెమ్మది, పని ఇంకా నెమ్మది. ముందు వదిన చేసిన ప్రయోగం తానూ చేసి చూపాలి కదా, అక్కడే బండి ఆగిపోయింది. ఆకు సారం వేసిన గాజు డిష్‌లో బూజు పెరగలేదు, బాగానే ఉంది. పోల్చి చూడటానికి పక్కన పెట్టిన, ఆకు వెయ్యని డిష్‌లోనూ పెరగలేదు! ఎన్నిసార్లు చేసినా అంతే. రెండూ ఒకేలా ఉంటే ఇక ఆకు గొప్పేముంది?

"ఇందులోది అందులో ఒలకబోస్తున్నావు" అని తేల్చేసింది వదిన.

"ఆకులో ఏమైనా తేడా ఉందేమో మేడమ్" అని ఆ పిల్ల నసిగింది.

"ఆహా! ఆడలేక మద్దెల ఓడందట. ఆకు మంచిదే తల్లీ, నీ చేతికే నిలకడ లేదు."

ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు ఒలకబోత. ల్యాబంతా అదే పిలుపు. ఇంట్లో నేను కూడా "ఇవాళ మీ ఒలకబోత ఏం ఒలకబోసింది వదినా?" అని అడిగేదాన్ని. భోజనాల దగ్గర అందరం సిగ్గులేకుండా నవ్వుకునేవాళ్ళం.

చివరికి ఆ అమ్మాయి పరిశోధన మానేస్తానని దరఖాస్తు పెట్టింది. సరిగ్గా అప్పుడే వదిన ఇన్నేళ్ళూ ఎదురుచూసిన శాశ్వత ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. ఆమె బలమంతా ఆ పేపరే. "ఆ అమ్మాయి మానేసేముందు ఒకసారి నువ్వే చేసి చూపించు, తర్వాత మాట రాకూడదు" అన్నాడు పెద్దాయన. వదినకు పౌరుషం పొడుచుకొచ్చింది. క్లాసుకొచ్చిన కొత్త పిల్లలందరినీ ల్యాబ్‌కి తీసుకెళ్ళి, అందరి ముందూ చేస్తానంది.

చేసింది. చూడముచ్చటగా చేసింది. ఒక డిష్‌లో ఆకు సారం వేసి, పక్క డిష్‌ కోసం నీళ్ళ సీసా అందుకుంది.

"మేడమ్, అందులో స్పిరిట్ కదా వెయ్యాలి? మీ పేపర్లో అలాగే ఉంది. నేను ఎప్పుడూ అదే వేశాను" అంది ఒలకబోత, వెనక నుంచి.

వదిన చెయ్యి గాల్లో ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత గిరుక్కున తిరిగి, "చేసేటప్పుడు మధ్యలో మాట్లాడకూడదని ఇంకా తెలియలేదా? ఇదిగో, ఇలా నోరు తెరిచే చెయ్యి ఒలకబోసుకుంటావు" అంది. పిల్లలు గొల్లున నవ్వారు. ఆ అమ్మాయి తలదించుకుని రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి?

సాయంత్రం వదిన కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

"ఆ ఆకుపొడిని నేను నానబెట్టింది స్పిరిట్‌లో" అంది నా వైపు చూడకుండా. "బూజు చావడానికి ఆ స్పిరిట్ ఒక్కటి చాలు. పక్క డిష్‌లో కూడా అదే వేస్తే గానీ చంపింది ఆకో స్పిరిటో తెలీదు. నేను నీళ్ళు వేశాను. మొదట్నుంచీ నీళ్ళే వేశాను."

"మరి పేపర్లో స్పిరిట్ అని ఎలా వచ్చింది?"

"ఎలా చేశామో చెప్పే భాగం మా ల్యాబ్‌లో ఎవరూ కొత్తగా రాయరే. పాత పేపర్లోంచి దించి, మొక్క పేరూ కొలతలూ మారుస్తాం. ఆ వాక్యం నేను సరిగ్గా చదవను కూడా లేదు. సమీక్షకులూ చదవలేదు. చదివి, రాసింది రాసినట్టు చేసింది ఆ పిల్ల ఒక్కతే."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఇంకెప్పుడైనా అయితే ఆ సామెత ఆమె మొహం మీదే అనేసేదాన్ని.

"ఆ పిల్ల అది అడగ్గానే నాకు అర్థమైంది. తెలుసా? అర్థమయ్యాకే ఆ మాటన్నాను" అంది వదిన. గిన్నె సింకులో వదిలేసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు.

మళ్ళీ చేసి చూసింది, ఈసారి రెండిట్లోనూ స్పిరిట్‌తో. రెండిట్లోనూ బూజు లేదు, అచ్చం ఒలకబోత డిష్‌లలాగే.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకే? చిన్న సవరణ పంపితే సరిపోతుంది. అది కూడా ఇంటర్వ్యూ అయ్యాక పంపు. ఈలోగా కొంపలేం మునిగిపోవు" అన్నాడు మా అన్నయ్య.

"ఒక పిల్ల కొంప మునిగింది కదండీ" అంది వదిన.

పేపర్ వెనక్కి తీసుకుంటానని పత్రికకు ఆమె రాస్తుంటే పక్కన కూర్చుని పంపింది నేనే. పెద్దాయన వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఇంటర్వ్యూలో ఎవరూ అడక్కముందే తనే చెప్పేసిందట. ఒకాయన మెచ్చుకున్నాడట కూడా. ఉద్యోగం మాత్రం వేరేవాళ్ళకిచ్చారు. ఇంతా చేసింది గానీ ఆ అమ్మాయి ఇంటికి మాత్రం వెళ్ళలేకపోయింది. ఇవాళా రేపూ అంటూనే ఉంది. ఈలోపు దరఖాస్తు మీద సంతకమైపోయింది, ఆ పిల్ల రావడం మానేసింది. "ఊరందరికీ చెప్పుకున్నావు, చెప్పాల్సిన చోట తప్ప!" అని నేనే కసిరి, ఒక ఆదివారం వెంట తీసుకెళ్ళాను.

వాళ్ళమ్మ ఆదరంగా కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి పళ్ళెంలో మంచినీళ్ళు తెస్తుంటే గుమ్మం దగ్గరే ఎదురెళ్ళి లాక్కుంది.

"ఇటు తే, ఒలకబోస్తావు!" అని, మా వైపు తిరిగి నవ్వుతూ, "దీని చేతికి నిలకడ లేదండీ. మీరే కనిపెట్టారట కదా మేడమ్. ఇన్నేళ్ళూ ఇంట్లో మాకు తెలియనే లేదు. ఇప్పుడు ఏ పనీ చెప్పడం లేదు" అంది.

వదిన గ్లాసు ముట్టుకోలేదు. ఉన్నదంతా చెప్పింది, నీళ్ళ సంగతి, దించిన వాక్యం సంగతి, అర్థమయ్యాక అన్న మాట సంగతి. "నీ చెయ్యి ఎప్పుడూ ఒలకబొయ్యలేదమ్మా. తప్పంతా నాది. నన్ను క్షమించు. మళ్ళీ రా, పెద్దాయన కాళ్ళయినా పట్టుకుని నిన్ను చేర్పిస్తాను" అంది.

ఆ అమ్మాయి ఓదారుస్తున్నట్టు, "అలా అనకండి మేడమ్. మీరు చేస్తే తప్పెందుకవుతుంది? నేనే ఎక్కడో ఒలకబోసుంటాను" అంది.

మర్యాదకు అన్న మాట కాదది. నమ్మే అంది.

వదిన ముందున్న గ్లాసు పక్కకు జరిపి, "నీ చేత్తో కాసిని మంచినీళ్ళు ఇవ్వమ్మా" అంది.

ఆ పిల్ల వాళ్ళమ్మ మొహం చూసింది. ఆమె తల ఊపాక లోపలికి వెళ్ళింది. గ్లాసు సగమే నింపి, రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది.