జర్మనీ సారూ, మా నాలుగు గొంతులూ

మా రాయదుర్గం చర్చికి జర్మనీ నుంచి ఒక సారు వచ్చినాడు, పాటలు నేర్పేకి. అంతకుముందు మాకు పాడను రాదని మాకెవరూ చెప్పలేదు. పొద్దంతా జీన్సు ప్యాంట్లు కుట్టేవాళ్ళం. మిషన్ల చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి, మేం మెల్లగా పాడినా బస్టాండు దాకా వినపడతాది. మొదటి రోజు మా పాట విని ఆయన చెవులు మూసుకోలేదు గానీ, కండ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

డెబ్బై దాటిన మనిషి. వాళ్ళ ఊరి చర్చిలో వాళ్ళ నాయన ఆర్గన్ వాయించేవాడంట. కాళ్ళు అందని వయసులోనే ఈయన్ని ఆ ఆర్గను ముందర బల్ల మీద కూర్చోబెట్టినాడంట. చదువైనాక అదే చర్చిలో ఉద్యోగం, అదే ఆర్గను. పాడేవాళ్ళను కూడగట్టి నడిపించేదీ ఆయనే, పెండ్లికీ ఆయనే, చావుకీ ఆయనే. రానురాను పాడేవాళ్ళు ముసలివాళ్ళై ఒకరొకరే పోయినారు, కొత్తగా ఎవరూ రాలేదు. ఆఖరికి ఆ బృందాన్నే ఎత్తేసినారంట. ఇదంతా మా పాస్టరయ్య తెలుగులో చెప్తాంటే ఆయన తల ఊపుతా కూర్చున్నాడు. ఆయన కోరిక ఒక్కటే. ఈస్టరు కాంగానే ఊరికి పోతాడు. పోయేలోగా నాలుగు గొంతులు నాలుగు రాగాల్లో కలిసి పాడే పాట ఒక్కటన్నా చెడకుండా చెవులారా వినాల.

పాట మాకు వచ్చిన పాతదే, అదేమంత కష్టం అనుకుంటిమి. యాడిది! మమ్మల్ని నాలుగు గుంపులు చేసి, నన్ను రెండో గొంతులో నిలబెట్టినాడు, మా తోడికోడల్ని మొదటి గొంతులో. పాట ఎత్తుకున్న కాసేపటికే నేను పోయి ఆమె రాగంలో కలిసిపోతాంటి. పక్కన మనిషి ఒక తీరుగా పాడతాంటే మనం ఇంకో తీరుగా పాడితే ఏం మర్యాద? చూసేవాళ్ళు ఇద్దరికీ మాటల్లేవనుకుంటారు. ఎప్పుడన్నా నేను నా రాగంలో నిలబడితే మా తోడికోడలు మూతి ముడుచుకొని, "ఏమక్కా, నన్నొక్కదాన్నే వదిలేసి పోతాండావే" అనె.

సారు నేర్చుకున్న తెలుగు ఒక్కటే మాట, "మళ్ళా!" పెన్సిలుతో బల్ల మీద కొట్టి, "మళ్ళా!" నీళ్ళ ట్యాంకరు వచ్చిందని సగంమంది బిందెలకు పరిగెత్తితే, తిరిగొచ్చేదాకా అట్లే నిలబడుకొని, "మళ్ళా!" ఒకరోజు నాకు ఒళ్ళు మండి, "ఏమప్పా, నీకు వేరే మాట రాదా?" అని అడిగేసినా. పాస్టరయ్య దాన్ని ఇంగ్లీషులో ఏమని చెప్పినాడో ఏమో, సారు లేచి నాకు దండం పెట్టినాడు. అంత పెద్దమనిషి దండం పెడితే ఇంకేం కొట్లాడేది? ఆ పొద్దు నుంచి పంతం పట్టినా. మిషను కాడ నా రాగమే, సంగటి కెలుకుతా నా రాగమే. మా ఆయన, "అదేం పాటే, తలా తోకా లేదు" అన్నాడు. నిజమే, మిగతా మూడూ కలిస్తే గానీ దానికి రూపు రాదు.

ఈస్టరు పొద్దున చర్చి కిక్కిరిసింది. మొదటి చరణం... అబ్బా! నాలుగు గొంతులూ దేనికది ఉంటానే ఒక్కటైనాయి. సారు కండ్లు మూసుకున్నాడు. రెండో చరణం ఎత్తుకున్నామో లేదో, వెనక నుంచి పండ్లు లేని అవ్వ ఒకామె గొంతు కలిపింది. ఆ పాటకు మొదటి నుంచీ ఉండే పాత రాగం, అందరికీ వచ్చిందే. ఊరుకుంటారా? మొగోళ్ళు లేచినారు, చప్పట్లు మొదలైనాయి, ఆపైన డోలక్కు. పాట వింటా ఊరికే కూర్చునే అలవాటు మాకు యాడుండాది? మావాళ్ళందరూ ఆ హోరులో కొట్టుకపోయినారు. నేనొక్కదాన్నే నా రాగం పట్టుకొని వేలాడినా. సారు వెనక్కి తిరిగి, చేతులు దించేసి, అట్లే నిలబడిపోయినాడు.

పాట కాంగానే ఆ అవ్వను కడిగిపారేద్దామని కొంగు బిగించినా. సారు అడ్డమొచ్చినాడు. కండ్లెంబడి నీళ్ళు.

"పాటంతా చెడగొట్టినారు కదా సారూ" అన్నా. నాకూ ఏడుపొచ్చింది.

పాస్టరయ్య చెప్తే విని, ఆయన నవ్వి ఏదో అన్నాడు. పాస్టరయ్య దాన్ని తెలుగులో చెప్పినాడు.

"వాళ్ళ చర్చిలో పాట చెడగొట్టేకి ఒక్కరు కూడా మిగల్లేదంటమ్మా."

బిగించిన కొంగు వదిలేసినా. అవ్వకేం తెలుసు ఇదంతా? కట్టె ఊతంతో మెల్లగా వచ్చి, "ఏం సారూ, బాగా పాడితినా?" అని అడిగింది. ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మళ్ళా" అన్నాడు.

అవ్వకు కావాల్సింది అదే. మొదటి చరణం నుంచి ఎత్తుకునింది. ఈ తూరి నేను నా రాగం వదిలేసి అవ్వ రాగంలో కలిసినా. సారు బల్ల మీద పెన్సిలు కొట్టలేదు.